బఫర్ ఊళ్లో క్యాంపు, నడకదారి: ముందు ఏం తేల్చుకోవాలి?

చెలమనీళ్లు (ప్రశ్న):

నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో, ఆత్మకూరు వైపు బఫర్‌లో (అభయారణ్యం నడిబొడ్డు చుట్టూ ఉండే బయటి పట్టీలో) ఉన్న ఊరు గురించి అడుగుతున్నా. 140 గడపలు, అందులో 35 చెంచు కుటుంబాలు. బైర్లూటి, తుమ్మలబైలు, పచ్చర్ల పర్యాటక క్యాంపుల్లాంటిదే ఇక్కడా ఒకటి పెడదామని ఈడీసీలో (అటవీ శాఖతో కలిసి నడిచే ఊరి పర్యావరణ అభివృద్ధి కమిటీలో) మాట నడుస్తోంది. అనుకుంటున్నది ఇది: ఐదు గుడారాలు, ఒక వంటశాల, వాగు వెంట 4 కిలోమీటర్ల నడకదారి.

ఊరు మూడు మాటలంటోంది. కుర్రాళ్లు పని దొరుకుతుందంటున్నారు. పశువులున్నవాళ్లు మేతదారి మూసేస్తారేమోనని భయపడుతున్నారు. చెంచు పెద్దలు, తేనెకీ తపసి బంకకీ కుంకుళ్లకీ తిరిగే చోట బయటివాళ్లను తిప్పడమేంటని అడుగుతున్నారు. ముగ్గురి మాటలోనూ నిజముంది.

తేలాల్సినవి: గుడారాలు ఎక్కడ వెయ్యాలి? ఒక్కో విడతలో ఎంతమంది నడవొచ్చు? డబ్బు లెక్క గిట్టుబాటవుతుందా? ఎండాకాలం మంటల సంగతేంటి? దానికి తోడు అడవి అంచున శనగ, మొక్కజొన్న చేలున్నాయి, పందుల బెడద ఎక్కువ. అడవిని కాపాడుకుందాం లాంటి జవాబులు దయచేసి వద్దు, కొలతలూ లెక్కలూ చెప్పండి.

హద్దురాయి:

ముందు నడకదారి గీయకండి, మూసి ఉంచాల్సిన చోట్లు గీయండి. మీ బీట్ (ఒక బీట్ ఆఫీసర్ చూసుకునే అడవి ముక్క) మ్యాపు పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి, నాలుగు రంగుల పెన్సిళ్లతో ఊరివాళ్ల చేతే గుర్తులు పెట్టించండి. మే నెలాఖరు దాకా నీళ్లుండే చెలమలు, మడుగులు ఒక రంగు. తేనె దొరికే కొండచరియలు, తపసి చెట్లున్న గుట్టలు, చెంచుల దేవతల చోట్లు ఇంకో రంగు. పశువుల దారులు, అవి మధ్యాహ్నం పడుకునే చెట్లకింద మూడో రంగు. ఎలుగులుండే బండసొరికెలు నాలుగోది. ఇవన్నీ పోను మిగిలిన ఖాళీలోంచే దారి పోవాలి. మీరు చెప్పిన వాగు వెంట 4 కిలోమీటర్లు ఈ పరీక్షకు నిలబడదనే నా అనుమానం. వాగు ఒడ్డు అందరికీ ఇష్టమే, దుప్పికీ కణితికీ చిరుతకీ ఇంకా ఎక్కువ ఇష్టం. వేసవిలో పొద్దునా సాయంత్రం మనుషులు అక్కడ తిరిగితే జంతువులు నీళ్లకు రాత్రి రావడం మొదలుపెడతాయి. రాత్రి చిరుతకు అనుకూలం. అక్కడ కుదరకపోతే అవి ఊరి చెరువుకు దిగుతాయి, ఆ గొడవ మళ్లీ మీకే. వేసవి దాకా నీళ్లుండే చోటికి దారి కనీసం అర కిలోమీటరు దూరంలో ఉండాలి. వాగును ఒక్కచోట అడ్డంగా దాటండి చాలు, వెంట నడవొద్దు.

గుడారాలు అటవీ భూమిలో వద్దే వద్దు. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించినప్పుడు, పులుల సంరక్షణ ప్రణాళికలో చేర్చిన పర్యాటక వసతులకు వెసులుబాటు ఇచ్చిన మాట నిజమే. ఆ ప్రణాళికలో మీ క్యాంపు పేరు లేకపోతే అది అక్రమ కట్టడమే. పేరు చేర్పించడానికి ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు. పేరు చేరినా దాని మీద పెత్తనం అటవీ శాఖదే. గ్రామకంఠంలోనో, ఊరివాళ్ల పట్టా భూమిలోనో వేసుకుంటే కరెంటు, బోరు, దారి అన్నీ అక్కడే ఉంటాయి. అతిథి రాత్రి బయటికొస్తే ఊరి కుక్క మొరుగుతుంది. అడవి మధ్యలో పడుకున్నామన్న మురిపెం తప్ప పోయేదేం లేదు.

చెంచుల సంగతి చివరికి వాయిదా వెయ్యకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 38-వి సెక్షన్ బఫర్‌ను నిర్వచించేటప్పుడే స్థానికుల జీవనోపాధి, సామాజిక, సాంస్కృతిక హక్కులను గుర్తించాలంది, హద్దులు గ్రామసభతో సంప్రదించి తేల్చాలంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులకు దరఖాస్తు పెట్టకపోతే, క్యాంపు మాట కన్నా ముందు ఆ పని చెయ్యండి. ఫారం-బి, ఫారం-సి వేర్వేరు. తేనె, బంక, మేత లాంటి హక్కులకు బి. ఆ అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కుకు సి. చాలా ఊళ్లు బి పెట్టి అంతా అయిపోయిందనుకుంటాయి. ఈ గ్రామసభకు సగం మంది సభ్యులు రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. కోరం లేని తీర్మానం సబ్ డివిజన్ కమిటీ దగ్గర తిరిగొస్తుంది. క్యాంపు తీర్మానానికి ఈ నిబంధన వర్తించకపోయినా అదే పద్ధతిలో పెట్టండి. ఏ నెలల్లో ఏ దారి మూస్తారో తీర్మానంలోనే రాయించండి. తేనె తీసే రోజుల్లో ఆ గుట్ట వైపు అతిథులు పోకూడదు. ‘అవసరాన్ని బట్టి’ అనే మాట ఎక్కడా రానివ్వకండి. ఆ రెండు ముక్కలుంటే తీర్మానం లేనట్టే.

లెక్కలపుస్తకం:

డబ్బు దగ్గరికి వద్దాం. జూలై నుంచి సెప్టెంబరు దాకా పులుల అభయారణ్యాల్లో పర్యాటకం మూత. ఏప్రిల్, మే, జూన్ ఎండలు, మంటల కాలం. మిగిలేది అక్టోబరు నుంచి మార్చి, అందులోనూ శుక్ర, శని రాత్రులు. 26 వారాలకు 52 రాత్రులు. పండగలు, పరీక్షలు తీసేస్తే 45 అనుకోండి. కింద నేను వేసుకున్న ధరలు మీ దగ్గరి ధరలతో మార్చి మళ్లీ వేసుకోండి, కానీ పద్ధతి ఇదే.

ఐదు గుడారాల్లో సగటున మూడు నిండితే 135 గుడారం-రాత్రులు. ఇద్దరికి భోజనంతో 2,500 చొప్పున 3,37,500 రూపాయలు రాబడి. రెండు రాత్రుల వారాంతానికి మనుషులు మూడు రోజులు పనిచెయ్యాలి, అంటే సుమారు 68 రోజులు. ఆరుగురికి రోజుకు 500 చొప్పున 2,04,000. అతిథికి తిండి ఖర్చు 350 చొప్పున 270 మందికి 94,500. ఉతుకు, గ్యాసు, చిల్లర మరమ్మతు రాత్రికి 400 చొప్పున 18,000. మిగిలేది 21,000. బాగానే ఉంది కదా అనుకునే చోటే అసలు దెబ్బ ఉంది. గుడారపు గుడ్డ మన ఎండకూ వానకూ నాలుగేళ్లు ఆగితే గొప్ప. ఒక్కోటి 60,000 అనుకుంటే ఐదింటికి 3 లక్షలు, ఏడాదికి 75,000 పక్కన పెట్టాలి. అప్పుడు మిగులు కాదు, 54,000 లోటు. ఆరుగురి బదులు నలుగురితో నడిపితే 14,000 మిగులుతుంది. 140 గడపల ఊరికి 14,000!

చాలా క్యాంపులు మూడు నాలుగేళ్లకు వెలవెలబోయేది ఇందుకే. మొదటి గుడారాలు ఏదో పథకం డబ్బుతో వస్తాయి, వాటి అరుగుదల ఎవరి పద్దులోనూ ఉండదు. చిరిగిన రోజు కొత్తవాటికి డబ్బుండదు.

మొదటి ఏడాది గుడారాలు మానెయ్యండి. పగటి నడక, ఊళ్లో భోజనం, సాయంత్రానికి వెళ్లిపోవడం. విడతకు 8 మంది, మనిషికి 200, మొత్తం 1,600. ఇద్దరు గైడ్లకు 500 చొప్పున 1,000 పోను ఊరికి 600. రోజుకు రెండు విడతలు, 50 రోజులు నడిస్తే 60,000 నికరం, పెట్టుబడి దాదాపు సున్నా. భోజనం పొదుపు సంఘం ఆడవాళ్లు వండి పెడితే ఆ డబ్బు వాళ్లది. దాన్ని ఈడీసీ ఖాతాలో కలపొద్దు. రెండో ఏడాది జనం రాత్రి ఉండాలని అడిగితే అప్పుడు రెండు గుడారాలు.

గొడవలు రాకుండా ఇవి చెయ్యండి. గైడ్ల వంతు చీటీ తీసి ఏడాది మొత్తానికి ఒకేసారి పట్టిక రాయాలి, రేషన్ షాపు గోడకు అంటించాలి. కనీసం సగం వంతులు చెంచు కుటుంబాలకు. కూలి ప్రతి సోమవారం ఇచ్చెయ్యాలి. నెలాఖరుకు ఇస్తామంటే చెంచు కుర్రాడు రెండోవారానికే బంకకు వెళ్లిపోతాడు, తప్పు అతనిది కాదు. బుకింగ్ డబ్బు ఎవరి సొంత ఫోన్‌పేకూ రాకూడదు. ఈ ఒక్క నియమం తప్పితే మిగతావన్నీ ఉన్నా లాభం లేదు.

బోదగడ్డి:

నేను అమ్రాబాద్ దిక్కు. నల్లమల అటైనా ఇటైనా అగ్గి ఒకటే, అందుకే రాస్తున్న.

ఫైర్‌లైన్ (అగ్గి దాటకుండ గడ్డి, ఆకు తీసిన ఖాళీ పట్టీ) ఒక్కసారి కొడితే అయిపోదు. డిసెంబరు, జనవరిల గడ్డి కోస్తరు, ఫోటో దిగుతరు. ఫిబ్రవరిల ఆకు రాలి ఆ లైను మళ్ల మూసుకుపోతది. అగ్గి ఆకు మీదనే దాటుతది, కాబట్టి రెండు దఫాలు చెయ్యాలె. జనవరిల గడ్డి కోత, ఫిబ్రవరి సగం నుంచి మార్చి దాక పదిహేను రోజులకోసారి ఆకు ఊడ్పు. ఊడ్వడానికి బ్లోయరుంటే ఇద్దరు మనుషులు ఒక పూటల కిలోమీటరు పైననే చేస్తరు. లేకుంటే వెదురు పంజా. మీ నడకదారినే ఫైర్‌లైన్ చేస్కోండి. నడిచేది మీటరే, ఊడ్చేది మాత్రం 3 మీటర్లు. ఒక్క ఖర్చుకు రెండు పనులు.

లైను మధ్యల గడ్డి కాల్చుడు మీ అంతట మీరు చెయ్యకుండ్రి. అభయారణ్యంల నిప్పు పెట్టుడు వన్యప్రాణి చట్టం 30వ సెక్షన్ కింద నేరం. బీట్ ఆఫీసర్ ముంగట ఉండి చేయించాలె, అదీ పొద్దున మంచు ఆరకముందు. 9 దాటినంక గాలి లేస్తది. వంద మీటర్లకు ఆరుగురు, పచ్చి రొట్ట చేతుల, నీళ్ల క్యాన్లు వెనుక.

అగ్గి ఎక్కడ పుడతదో గమనించుండ్రి. ఇప్పపువ్వు ఏరేటప్పుడు కింద ఆకు కాల్చేది ఒకటి, పువ్వు కనబడాలె కదా. ఆకు ఊడ్చి పాత చీరలు గాని వలలు గాని పరుస్తే పువ్వు శుభ్రంగ వస్తది, ఇసుక అంటదు, ధర కూడ ఎక్కువ. తునికాకు లేత చిగురు కోసం పొదలు కాల్చేది రెండోది. పొద కొట్టుడు చేస్తే అదే చిగురు వస్తది. మూడోది బీడీ. నాలుగోది శివరాత్రికి, ఉగాదికి శ్రీశైలం నడిచిపోయే భక్తుల పొయ్యిలు. కన్నడ భక్తులు ఉగాదికి వచ్చేది మీ నాగలూటి, పెచ్చెరువు దారినే. అది సరిగ్గ ఆకు రాలి ఎండిన కాలం. వాళ్లను ఆపలేరు, ఆపొద్దు కూడ. వంటకు ఒక్క చోటు చూపించి, చుట్టు 10 మీటర్లు గీకి, నీళ్ల డ్రమ్ములు పెట్టి, ఒక మనిషిని ఉంచాలె. మా దిక్కు సలేశ్వరం జాతర కూడ చైత్ర పున్నమప్పుడే, కోర్ (అభయారణ్యం నడిబొడ్డు) నడుమ.

అతిథులు వచ్చుడుతోనే అడిగేది క్యాంప్ ఫైర్. ఫిబ్రవరి 15 నుంచి వానలు పడేదాక లేదని బుకింగ్ అప్పుడే చెప్పుండ్రి, వచ్చినంక చెప్తే కొట్లాట.

భారత అటవీ సర్వే ఉపగ్రహంతో చూసి అగ్గి హెచ్చరికలు ఎస్‌ఎంఎస్‌ల పంపుతది. వన్ అగ్ని పోర్టల్‌ల ఎవరైన నంబర్ నమోదు చేస్కోవచ్చు. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ల నంబర్లు పెట్టుండ్రి. కానీ దాని మీదనే కూసోవద్దు. అందులోని ఒక రకం చుక్క అంటే నేల మీద 375 మీటర్ల జాగ, ఇంకో రకం కిలోమీటరు. చెట్ల కింద చిన్నగ కాలే అగ్గి దానికి ఆలస్యంగ చిక్కుతది. ఎత్తు బండ మీద ఒక మనిషి, మధ్యాహ్నం 12 నుంచి 5 దాక, అదే గట్టి పని.

లాంటానా ఉంటే కొమ్మలు నరికి వదిలిపెట్టకుండ్రి, రెట్టింపై వస్తది. మొదలు దగ్గర మట్టి తీసి, నేలకు 3 నుంచి 5 సెంటీమీటర్ల లోపల వేరు కొట్టాలె. చిగురు పుట్టే కణుపు ఆడ్నే ఉంటది. పొదను పీకి తలకిందులు చేసి అక్కడనే పెడితే వేరు మళ్ల మట్టి పట్టదు. నేల తడి ఉన్నప్పుడే ఈ పని. పక్షులు రాల్చిన గింజ మొలుస్తది కాబట్టి మూడేండ్లు అదే జాగకు తిరిగిపోవాలె. హిప్టిస్ అని తులసి వాసన కొట్టే కలుపు దారి పొంట బాగ లేస్తది. అది ఆగస్టు, సెప్టెంబరుల పువ్వు రాకముందే చేత్తో పీకుతే ఊకె వస్తది. గింజ పడ్డంక పీకుడు, విత్తుడు ఒకటే.

దారి కోత గురించి ఒక్క ముచ్చట. వాన నీళ్లు దారి పట్టకుండ అడ్డం రాళ్లు పెడతరు కదా, అవి దారికి నిట్టనిలువున అడ్డం పెడితే వెనుక మన్ను నిండి మీదికెళ్లి పొర్లి ఇంకింత కోస్తది. ఏటవాలుగ పెట్టాలె, కింది కొస బయటికి తెరిచుండాలె. 10 మీటర్ల నడకల మీటరు దిగే చోట 20 మీటర్లకొకటి, 2 మీటర్లు దిగే చోట 10 మీటర్లకొకటి. మొదటి పెద్ద వాన పడ్డ తెల్లారి పోయి కొసలు పారతో తీయాలె.

చెలమనీళ్లు:

అన్నలకు దండాలు. డబ్బు లెక్క చూసి ఈడీసీలో సగం మంది చల్లబడ్డారు, మంచిదే. వాగు దారి మానేసి గుట్ట అంచున 3 కిలోమీటర్లు చూస్తున్నాం.

ఒక కొత్త ప్రతిపాదన వచ్చింది. భోజనాల పందిరికి ఎదురుగా, అడవి అంచున ఒక సాసర్ పిట్ (జంతువులు తాగడానికి పళ్లెం ఆకారంలో కట్టే నీళ్ల గుంట) కట్టి ట్యాంకరుతో నింపితే, కూర్చున్న చోటినుంచే జంతువులు కనబడతాయని కుర్రాళ్ల మాట. దీని మీద ఏమంటారు? అలాగే చేలకు సోలార్ కంచె గురించి కూడా ఎవరైనా చెప్పండి. ఒకాయన నేరుగా లైను తీగ లాగుదామన్నాడు, ఆ మాట అక్కడే ఆపాం.

హద్దురాయి:

సాసర్ పిట్ ఊరి దగ్గర వద్దు. జంతువులు తప్పకుండా కనబడతాయి, చిక్కంతా అక్కడే. మొదట పందులు, దుప్పులు వస్తాయి. వాటి వెనక చిరుత వస్తుంది. మీ శనగచేను ఆ నీళ్లకు పక్కనే ఉంటుంది. వేసవి అంతా దుప్పులు ఒకే చోట నిలిస్తే చుట్టూ గడ్డి, మొలకలు మిగలవు. పైగా ఫలానా చోట రోజూ దుప్పులు నీళ్లు తాగుతాయని ఊరందరికీ తెలిస్తే, ఉచ్చులు పెట్టేవాడికి కూడా తెలిసినట్టే.

లెక్క కూడా చూడండి. 3 మీటర్ల వెడల్పు, నడుమ 45 సెంటీమీటర్ల లోతు ఉన్న పిట్‌లో పట్టేది సుమారు 1,600 లీటర్లు. మే నెలలో ఆవిరికే రోజుకు 70 లీటర్ల దాకా పోతాయి, తాగేవి వేరే. వారానికోసారి నింపాలి, పది రోజులకోసారి పూర్తిగా ఖాళీ చేసి నాచు రుద్ది కడగాలి. ఒక్క వారం ట్యాంకరు రాకపోతే, ఆ నీళ్లకు అలవాటుపడ్డ మందంతా ఊరి మీద పడుతుంది. అంత ఓపికుంటే అడవి లోపల పూడిపోయిన చెలమలు రెండు మూడు చెంచు పెద్దలను అడిగి శాఖ అనుమతితో పూడిక తీయించండి. ఒక రోజు పని, ఏడాదికి సరిపడా నీళ్లు.

బోదగడ్డి:

ఇక్కడ నేను పూర్తిగ ఒప్పుకోను. ఊరి దగ్గర వద్దన్నది నిజం. కానీ చెలమలన్ని ఏప్రిల్‌కే ఎండే బీట్లుంటయి, అక్కడ సాసర్ పిట్ తప్ప దిక్కు లేదు. పెట్టేటప్పుడు నీడల, బండి పోయే దారికి 200 మీటర్ల లోపల, ఒక వైపు వాలు మెల్లగ ఉండాలె. పిల్ల జంతువు, తాబేలు పడ్డా ఎక్కి రావాలె. ఇది శాఖ పని, ఈడీసీ పని కాదు.

ముళ్లకంప:

లైను తీగ మాట ఆపినందుకు సంతోషం. కరెంటు లైనుకు తగిలించిన తీగకు, సోలార్ కంచెకు తేడా వోల్టుల్లో కాదు, సమయంలో ఉంది. ఎనర్జైజర్ (సోలార్ కంచె తీగకు కరెంటు దెబ్బ పంపే పెట్టె) సెకనుకు సుమారు ఒక్కసారి, సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువసేపు కొడుతుంది. దెబ్బ తగిలినవాడు వెనక్కి గెంతుతాడు. లైను తీగ ఆగకుండా పారుతుంది, కండరం బిగుసుకుపోయి వదల్లేడు. దానికి ముందు చచ్చేది పంది కాదు, పొద్దున నీళ్లు కట్టడానికి పోయిన పక్కచేను రైతు. పులి చస్తే కేసు, మనిషి చస్తే కేసు, రెండింటికీ బెయిలు కష్టం.

సోలార్ కంచె కొలతలు. పందులకు కింది తీగ నేలకు 20 సెంటీమీటర్లు, తర్వాత 45, 75. దుప్పులు కూడా ఉంటే నాలుగోది 110. కింది తీగ 30కి లేపారంటే పంది మూతి పెట్టి కిందనుంచి దూరుతుంది. ముక్కుకు తగలాలి. వీపుకు తగిలితే వెంట్రుకల వల్ల దానికి తెలియనే తెలియదు. తీగ మీద ఎక్కడ కొలిచినా 4,000 వోల్టులు తగ్గకూడదు. వోల్ట్ మీటరు కంచెతో పాటే కొనండి, అది లేని కంచె వట్టి తీగే.

కంచెలు చెడేది రెండు చోట్ల. ఒకటి, వానాకాలం కింది తీగకు గడ్డి తగిలి కరెంటంతా నేలలోకి పోతుంది. పదిహేను రోజులకోసారి తీగ కింద రెండడుగుల పట్టీ గీకాలి. ఆ పని ఎవరిదో ముందే తేల్చుకోండి, ఒక్కరి చేను దగ్గర గీకకపోతే అందరి కంచె పడుకుంటుంది. రెండోది ఎర్తింగు. మూడు కడ్డీలు, ఒక్కోటి 6 అడుగులు, మధ్య 10 అడుగుల ఎడం. ఒకే కడ్డీ వేసి ముగించేవాళ్లే ఎక్కువ.

కంచె పట్టని చోట మొక్కజొన్న చుట్టూ నాలుగు సాళ్లు ఆముదం, దగ్గర దగ్గరగా. దాని ఘాటుకు మొక్కజొన్న వాసన పందికి సరిగా అందదు. వేరుశనగ చుట్టూ అయితే ముళ్ల కుసుమ. ఇవి మంద పెద్దదైతే ఆపలేవు, నష్టం తగ్గిస్తాయంతే.

పశువుల గురించి కూడా. అడవి అంచు ఊళ్లలో గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు గొంతువాపు టీకా, మేకలకు, గొర్రెలకు పీపీఆర్ (పారుడు రోగం) టీకా. అభయారణ్యానికి 5 కిలోమీటర్ల లోపలి పశువులకు టీకాలేయించాలని వన్యప్రాణి చట్టంలోనే 33-ఏ సెక్షన్ ఉంది. పశుసంవర్థక శాఖను అడగడానికి ఆ సెక్షన్ నంబరు పనికొస్తుంది. గాలికుంటు వచ్చిన ఎద్దు తాగిన నీళ్లే దుప్పి తాగుతుంది.

పులో చిరుతో పశువును చంపితే కళేబరాన్ని కదపకండి. కదిపితే రెండు నష్టాలు. చంపింది ఏదో తేలదు, పరిహారం ఆగిపోతుంది. ఆకలి తీరని పులి మరుసటి రాత్రి ఇంకో పశువును కొడుతుంది. గొంతు మీద కోరల రంధ్రాలు, తినడం మొదలుపెట్టిన చోటు, చుట్టూ అడుగులు, పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫోటోలు తీయండి. పులి సాధారణంగా వెనక తొడల నుంచి మొదలెడుతుంది. ఒళ్లంతా చిందరవందరగా పీకి ఉంటే రేసుకుక్కలు. ఆ రోజే బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చెయ్యండి, పశువైద్యుడి పంచనామా కాగితం నకలు మీ దగ్గర పెట్టుకోండి. కళేబరం మీద ఎవడైనా ఎండ్రిన్ లాంటి పురుగుమందు చల్లితే పులితో పాటు రాబందులు, ఊరి కుక్కలు, అన్నీ పోతాయి.

గట్టు లేని బావులుంటే ముందు అవి చూడండి. రాత్రి ఎలుగు, చిరుత పడేది వాటిలోనే. మీటరు ఎత్తు గోడ చాలు.

గుట్టదారి:

నడకలో అసలు ప్రమాదం పులి కాదు, ఎలుగు. దానికి చూపు తక్కువ, మనం దగ్గరికెళ్లేదాకా తెలుసుకోదు, తెలిసిన క్షణంలో మీద పడుతుంది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పచెట్ల కింద, వానలు పడగానే చెదపుట్టల దగ్గర ఉంటుంది. కాబట్టి పొద్దున 6:30కి ముందు నడక వద్దు. ముందున్న గైడు కర్రతో నేల కొడుతూ నడవాలి, మలుపుల దగ్గర దగ్గాలి, మాట్లాడాలి. పక్షులు ఎగిరిపోతాయని అతిథులు గొణుగుతారు, గొణగనివ్వండి. ఒక గైడు ముందు, ఒకరు వెనక, నడుమ ఎనిమిది మంది. పదేళ్లలోపు పిల్లలు రెండు వందల మీటర్ల తర్వాత విసిగిపోయి పరిగెత్తుతారు, వాళ్లకు ఊరి చెరువు గట్టు చాలు.

ప్లాస్టిక్‌కు బోర్డులు పనిచెయ్యవు, డిపాజిట్ పనిచేస్తుంది. నడక మొదలయ్యే చోట సీసాలు, పాకెట్లు లెక్కపెట్టి ఒక్కోదానికి చీటీ అంటించి 50 రూపాయలు తీసుకోండి. తిరిగొచ్చాక చీటీ చూపిస్తే డబ్బు వాపసు. కోతులకు తిండి పెట్టినవాళ్ల నడక అక్కడితో ఆపెయ్యండి. ఒక్కసారి మెతుకు రుచి మరిగితే అవి మీ ఇళ్ల పెంకులు లేపుతాయి. వంటశాల చెత్త రాత్రి బయట ఉండకూడదు, మూతకు గొళ్లెమున్న డ్రమ్ములో ఉండాలి. లేదంటే మొదట పందులు, వారానికి ఎలుగు. మరుగుదొడ్డి ఇంకుడు గుంట వాగుకు కనీసం 30 మీటర్లు.

చెలమనీళ్లు:

సాసర్ పిట్ మాట తీసేశాం. ముళ్లకంప గారూ, ఒక్క సందేహం. మాది నల్లరేగడి. ఒక రైతు పోయినేడు సొంతంగా సోలార్ కంచె వేసుకున్నారు, ఎర్త్ కడ్డీలు మూడూ ఉన్నాయి, తీగ కింద గడ్డి లేదు. డిసెంబరు దాకా 6,000 చూపించింది, మార్చికొచ్చేసరికి తీగ మీద మీటరు బాగానే చూపిస్తున్నా పందులు దాటుతున్నాయి. బ్యాటరీ అనుమానమా?

ముళ్లకంప:

బ్యాటరీ అయితే మీటరు రీడింగే పడిపోతుంది. ఇది ఎర్త్. రేగడి ఎండితే పగుళ్లిస్తుంది, కడ్డీ చుట్టూ మట్టి విడిపోయి గాలి మిగులుతుంది. తీగలో వోల్టులుంటాయి, పంది ఒంట్లోంచి తిరిగి రావడానికి దారి ఉండదు.

పరీక్ష ఇలా చెయ్యండి. ఎనర్జైజర్‌కు వంద మీటర్ల అవతల, కంచె దగ్గర ఒక ఇనుప కడ్డీ నేలలో దించి తీగకు ఆనించండి, తీగ వోల్టేజి 2,000 లోపు పడాలి. పడకపోతే ఇంకో కడ్డీ ఆనించండి. అలా ఉంచి ఎనర్జైజర్ దగ్గర ఆఖరి ఎర్త్ కడ్డీ మీద మీటరు పెట్టి, రెండో కొసను మీటరు దూరంలో నేలలో గుచ్చి చూడండి. 300 వోల్టులు దాటితే ఎర్త్ చాలట్లేదు. కడ్డీలను చేను గట్టు మీదనుంచి తీసి, బోరు తొట్టి నీళ్లు పారే కాలువ పక్కకు మార్చండి, ఇంకొకటి కలపండి. మార్చలేకపోతే ప్రతి కడ్డీ చుట్టూ మూరెడు గుంత తీసి, బొగ్గుపొడి, ఉప్పు కలిపి నింపి, ఫిబ్రవరి నుంచి వారానికి రెండు బిందెల నీళ్లు పోయించండి. నేల ఎండిపోతే కింది తీగ ఒక్కటి ఎర్త్‌కు కలిపి, దాని మీది తీగలో కరెంటు ఉంచే పద్ధతి కూడా ఉంది. అప్పుడు పంది రెండింటినీ ఒకేసారి తాకాలి కాబట్టి ఆ రెండు తీగల మధ్య ఎడం 15 సెంటీమీటర్లకు తగ్గించుకోవాలి.